అంటించమన్న కాగితం

“నేను కాల్చెయ్యమన్నాను!”

అత్తగారు గొంతు తగ్గించి అరిచింది. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో ఆమెకు పట్టుబడిన విద్య అది. పక్కగదిలోవాళ్లకి గుసగుసలా వినిపిస్తుంది. ఎదురుగా ఉన్నవాళ్లకి మాత్రం చెవులు గింగురుమంటాయి.

“కాల్చెయ్ అనలేదు అత్తయ్యా. అంటించెయ్ అన్నారు,” అంది కోడలు.

“అంటించడమంటే మరేమిటి?”

“అతికించడం.”

“నిప్పంటించడం తల్లీ! నీకు మాటలు ఎవరు నేర్పారు?”

కోడలు స్టవ్ వైపు చూసింది.

మొన్న గురువారం మధ్యాహ్నం ఈ స్టవ్ దగ్గరే ఆమె మైదాపిండి జిగురు ఉడికిస్తోంది. గరిటె ఆపితే ఉండలు కడుతుందని తల ఎత్తకుండా కలుపుతోంది. అత్తగారు వెనకనుంచి వచ్చి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఆమె భుజం మీదుగా చాపి, గడ్డంతో స్టవ్ వైపు చూపించి, “దీన్ని అంటించెయ్ అమ్మాయ్,” అని వెళ్లిపోయింది.

గడ్డం చూపించిన చోట రెండున్నాయి. కింద మంట. పైన జిగురు.

కోడలు పైదాన్ని తీసుకుంది.

తీసుకోక ఏం చేస్తుంది? వారం రోజులుగా ఇంట్లో అందరి వెంటా పడి తిరుగుతోంది. మన సముద్రం సెలవుల మీద చేస్తున్న పుస్తకంలోకి తలా ఒక ముక్క రాసివ్వండి, నేను చదవను, మడిచి లోపల అతికిస్తాను అని. పుస్తకాలు బైండు చేసే మామగారు “రాసేది ఎవరైనా, కుట్టేది నేను,” అని తప్పించుకున్నాడు. భర్త ‘సముద్రం బాగుంది’ అని రాసిచ్చాడు. ఇంకొంచెం రాయమంటే వెనక్కి తీసుకుని ‘చాలా’ అని చేర్చాడు. ఆడపడుచు రెండువైపులా నింపిన కాగితాలు మూడిచ్చింది. ఇవ్వనిది అత్తగారే. అందుకే ఆ కాగితం చేతిలో పడగానే కోడలికి కడుపు నిండిపోయింది. జిగురు చల్లారీ చల్లారకముందే తీసుకెళ్లి, పద్నాలుగో పేజీలో, నీలం కాగితపు అలల కింద అతికించేసింది. చదవలేదు. మాటంటే మాటే.

“ఊడబెరికెయ్ ఇప్పుడే.”

“ఎలా అత్తయ్యా? మామయ్య పుస్తకాన్ని ప్రెస్సులో బిగించారు. వెన్ను ఆరేదాకా ముట్టుకోవద్దన్నారు.”

“ఎప్పటికి ఆరుతుంది?”

“పదింటికి.”

ఇద్దరూ గోడ గడియారం వైపు చూశారు. తొమ్మిదింపావు. టోపీ ఆవిడ పదకొండింటికి వస్తానంది.

సముద్రం ఒడ్డున వాళ్లు దిగిన అతిథిగృహం టోపీ ఆవిడది. గడ్డిటోపీ తియ్యకుండానే తోటలోకీ వంటగదిలోకీ వస్తుంది. నిద్రలోకీ అలాగే వెళ్తుందని ఆడపడుచు పందెం కాసింది. నాలుగు రోజులకని వెళ్లిన ఈ కుటుంబం, వానలకు వంతెన మునిగి, తొమ్మిది రోజులు అక్కడే ఉండిపోయింది. వంటమనిషి అవతలి గట్టున చిక్కుకుపోయింది. ఇవతల ఇరవైరెండుమంది అతిథులు. వరసగా మూడో పూట కూడా బిస్కెట్లు పంచుతుంటే, అత్తగారు తన వంతు బిస్కెట్టు పక్కవాళ్లకిచ్చేసి లేచి వంటగదిలోకి వెళ్లింది. ఆరు రోజులదాకా అందులోంచి బయటికి రాలేదు.

ఆ ఇంటికి కానుకగానే ఈ పుస్తకం. కర్టెన్ల గుడ్డ కొనడానికి ఇవాళ ఊళ్లోకి వస్తున్నాననీ, అలాగే పుస్తకం తీసుకెళ్లి ముందుగదిలో అతిథులందరూ చూసేలా పెట్టుకుంటాననీ టోపీ ఆవిడ ఫోన్ చేసింది. ఆ ఫోన్ సంగతి వినగానే అత్తగారు చేతిలో పని ఆపేసింది. అప్పుడే, “నేనిచ్చిన కాగితం ఏం చేశావు?” అని అడిగింది.

“అందులో ఏం రాశారు అత్తయ్యా?”

అత్తగారు గిన్నె ఒకటి తీసి కడిగింది.

“ఎవరికి రాశారు?”

కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది.

“ఆవిడకా?”

గిన్నె బోర్లించి, దాని వీపు మీద చెయ్యి పెట్టి నిలబడింది.

“పని అడిగాను,” అంది గోడతో.

కోడలు స్టవ్ మీంచి పాలు దించింది. పొంగడానికి ఇంకా వ్యవధి ఉన్నా దించింది.

“వంటపని. ఏడాదంతా కాదు, అతిథులొచ్చే ఆరు నెలలు. మనం బయల్దేరేటప్పుడు ఆవిడే అంది కదా, ‘మా వంటమనిషి ఇక రాదట, మీరే ఉండిపోకూడదూ’ అని. నవ్వుతూ అంది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు పోయింది, ఆ మాట పోలేదు. కూర తరుగుతుంటే అదే, బట్టలారేస్తుంటే అదే. రాశాను. రాసి చదువుకుంటే సిగ్గు ముంచుకొచ్చింది. యాభై ఎనిమిదేళ్లు నెత్తిమీదకొచ్చాక ఉన్న ఇల్లు వదిలేసి ఊరివాళ్లకి గరిటె తిప్పుతానంటే నవ్వరూ? మీ మామయ్య ఏమంటారు? అందుకే అంటించమన్నాను.”

“స్టవ్ మీ పక్కనే ఉంది కదా అత్తయ్యా. మండుతూనే ఉంది. మీరే పడెయ్యొచ్చుగా? నా చేతికెందుకిచ్చారు?”

అడిగేశాక కోడలికి భయం వేసింది. ఆమె నిందించడానికి అడగలేదు. ఆ క్షణం వరకు ఆ ప్రశ్న తన దగ్గరుందని కూడా ఆమెకు తెలియదు.

అత్తగారు కోప్పడలేదు. నువ్వుంటున్న ఇంట్లో నువ్వెప్పుడూ చూడని గది ఒకటుందని ఎవరో చెబితే, దాని తలుపు ఎటువైపుందా అని వెతుక్కునే మనిషిలా చూసింది.

“కబుర్లకేం గానీ, కెటిల్ పెట్టు. ఆవిరికి జిగురు వదులుతుంది,” అంది చివరికి.

*

ముందుగదిలో సగం మామగారి పనిగది. బైండింగు షాపు మూసేశాక మిగిలినవన్నీ ఇక్కడికే చేరాయి. చెక్క ప్రెస్సు, అట్టలు కోసే బల్ల, మైనం పూసిన దారపు ఉండలు, ఎవరినీ ముట్టుకోనివ్వని, మడతలు నొక్కే ఒక ఎముక పుల్ల. ఆయన క్షవరానికి వెళ్లాడు. ఆదివారం సెలూన్‌లో కత్తెర కన్నా కబుర్లు ఎక్కువ, పదింటిదాకా రాడు.

కొడుకు కిటికీ పక్కన పేపరు చదువుతున్నాడు. వారమంతా కళ్లద్దాల దుకాణంలో ఊరి చూపు సరిచేసేవాడు ఆదివారం ఎవరివైపూ చూడడు.

“నాన్నగారు వస్తుంటే చెప్పండి,” అంది కోడలు.

“ఊఁ.”

“చూస్తూ ఉండండి.”

“ఊఁ ఊఁ.”

రెండు బల్లల మధ్య ప్రెస్సు, ప్రెస్సు పలకల మధ్య పుస్తకం. వెన్ను పైకి బిగించి ఉంది, పేజీలన్నీ కిందికి వేలాడుతున్నాయి, గబ్బిలంలా.

ఈ పుస్తకం కోసం మామగారికీ కోడలికీ పోయిన వారమంతా మాటల యుద్ధం. ఆమెకు పొరలు కావాలి. కాగితం మీద కాగితం, దాని మీద లేసు, లేసు మీద గవ్వ. బస్సు టిక్కెట్లు విసనకర్రలా విచ్చుకోవాలి. వాన పేజీలో వెండిరేకు చీలికలు దారాలకు వేలాడాలి. వంతెన పేజీలో చిన్న పట్టీ లాగితే వంతెన నీళ్లలోకి దిగిపోవాలి. ఇరవైరెండు రేకు చెంచాలు వరసగా మెరవాలి, ఒక్కో అతిథికి ఒక్కోటి. అలా పొరలు పేర్చుకుంటూ పోతే పుస్తకం అంచు అరచెయ్యి మందం, వెన్ను వేలు మందం అయింది. ముయ్యబోతే నోరు తెరుచుకుంటుంది.

“మూసుకోని పుస్తకం పుస్తకం కాదమ్మా, విస్తరించిన రోగం,” అన్నాడు మామగారు.

“అందంగా ఉంది కదా మామయ్యా.”

“అందం లోపల ఉంటే పుస్తకం. బయటికి కారుతుంటే బీరువా.”

ఆ మాటకి ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. ఆయనే మెత్తబడ్డాడు. ప్రతి పేజీ పక్కనా వెన్ను దగ్గర సన్నటి అట్టపట్టీలు కలిపి కుట్టాడు. బయట ఎంత మందం పెరిగిందో లోపల అంత చోటు వదిలాడు. ఇప్పుడు పుస్తకం సుఖంగా మూసుకుంటుంది.

అత్తగారు బల్లకింద చతికిలబడింది. కోడలు పక్కన మోకాళ్లమీద కూర్చుని పేజీలు లెక్కపెట్టింది. పద్నాలుగు. అయిదు రకాల నీలాలు, ఒకదాని వెనక ఒకటి, అంచులు చేత్తో చింపిన అలలు. అన్నిటికన్నా ముందున్న పెద్ద అల ఒక్క పక్కనే అతికి ఉంది, తలుపులా తెరుచుకుంటుంది. దాని వెనక ఆ కాగితం.

“చింపేస్తే?”

“సగం మాటలు పేజీకే ఉండిపోతాయి అత్తయ్యా. ఏ సగం ఉంటుందో చెప్పలేం. ‘దయచేసి నన్ను తీసుకోండి’ వరకే మిగిలిందనుకోండి…”

“అమ్మో. కెటిల్ ఇలా ఇవ్వు.”

కెటిల్ ముక్కులోంచి ఆవిరి పైకి లేచింది. కోడలు వెన్న పూసే కత్తి కాగితం అంచుకింద దూర్చడానికి చూసింది.

“ప్రయాణికులకు విజ్ఞప్తి,” అని గుమ్మంలోంచి గొంతు వినిపించింది. “ఒకటో నంబరు బల్ల కింద ఇద్దరు ఆడవాళ్లు అనుమానాస్పద స్థితిలో కూర్చుని ఉన్నారు. వారి బంధువులు వెంటనే వచ్చి తీసుకువెళ్లవలసిందిగా కోరుతున్నాము.”

ఆడపడుచు రైల్వే స్టేషనులో మైకు ముందు పనిచేస్తుంది. ఇంట్లోనూ మైకు ఆపదు.

“నోరు ముయ్యి, దీపం పట్టు,” అంది తల్లి.

“ఏం జరుగుతోందో చెప్తేనే.”

కోడలు రెండు ముక్కల్లో చెప్పింది. ఆడపడుచు నవ్వుతుందేమోనని అత్తగారు ముందే మొహం తిప్పుకుంది. నవ్వు రాలేదు. చప్పుడు లేకుండా ఆమె కూడా వంగి బల్లకింద తల్లి పక్కన కూర్చుంది.

“అమ్మా, నువ్వు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టావా?”

“దరఖాస్తు కాదు, బుద్ధి గడ్డి తినడం.”

“చేతిరాతతోనా?”

“మరి కాలిరాతతోనా?”

“నాకు మొదటి ఉద్యోగానికి దరఖాస్తు నువ్వే దగ్గర కూర్చుని రాయించావు. మూడుసార్లు చింపించావు. నీది నువ్వొక్కదానివే రాసేసుకున్నావు,” అంది ఆడపడుచు. ఆ గొంతులో ఈసారి మైకు లేదు.

అత్తగారు ఆమె వైపు చూడకుండా కెటిల్ ఇంకొంచెం పైకెత్తింది. ఆవిరి గుప్పుమంది. పై మూల ఎర్రటి పల్చటి కాగితంతో చేసిన సూర్యుడు తడిసి, రంగు వదలడం మొదలుపెట్టాడు.

“అత్తయ్యా, దించండి దించండి! సూర్యుడు కారిపోతున్నాడు!”

“ఏ సూర్యుడు?”

“పదమూడో పేజీ సూర్యుడు! చెంచాలమీద పడుతున్నాడు!”

ముగ్గురూ ఒకేసారి లేవబోయి ఒకేసారి బల్లకి తలలు కొట్టుకున్నారు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆపుకోబోతే ఇంకా వచ్చింది. అత్తగారికి కళ్లవెంట నీళ్లొచ్చాయి. వంటగదిలో ఇంతసేపూ బిగబట్టిన ఏడుపు నవ్వు దారిలో బయటపడిందేమో కూడా. ఆమె తుడుచుకోలేదు.

“నాన్నొస్తున్నారు,” అన్నాడు కొడుకు పేపరు వెనకనుంచి.

“ఎక్కడ? వీధి చివరా?”

“ఇక్కడే. వచ్చి రెండు నిమిషాలైంది.”

బల్ల పక్కన చెప్పులు లేని పాదాలు రెండు కనిపించాయి. వాటి పైన, నున్నగా గీసిన గడ్డంతో, మామగారు నిలబడి ఉన్నాడు.

*

ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు. ముందు కెటిల్ తీసి కిటికీలో పెట్టాడు. జేబురుమాలు తడిపి సూర్యుడి మూల అద్దాడు. కారినంతమేరా అద్దగా చెంచాల మీద గులాబిరంగు మిగిలింది.

“సాయంత్రపు ఎండ,” అన్నాడు. “బానే ఉంది, ఉండనీ. ఇప్పుడు చెప్పండి. పద్నాలుగో పేజీలోది ఊడదియ్యాలా?”

ముగ్గురు ఆడవాళ్లూ ఉలిక్కిపడ్డారు.

“మీకెలా తెలుసు మామయ్యా?”

“పట్టీలు వేసింది నేను. మిగతా పేజీలకి రెండేసి సరిపోయాయి. దీనికి నాలుగు పట్టాయి. నాలుగు మడతల కాగితం ఎక్కువుందని అప్పుడే తెలిసింది. ఎవరు అంటించమన్నారమ్మా దాన్ని?”

ఆ మాట ఆయన నోటి వెంట వచ్చినందుకు కొడుకు కూడా పేపరు దించాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు నడిపిన షాపులో అంటించడం అనే మాటకి నిషేధం. చుట్టూ కాగితపు దొంతరలు. కొత్తగా చేరినతనికి అట్ట అంటించమని చెబితే అగ్గిపెట్టె వెతికాడట. ఆ రోజు నుంచి అతికించు అనాలి, లేదా ఇంటికి పోవాలి. ఇంట్లో పిల్లలు హోంవర్కులో స్టాంపులు కూడా అతికించారే తప్ప అంటించలేదు.

“నేనే,” అంది అత్తగారు. “అంటించమన్నాను. మీ కోడలు అతికించింది.”

మామగారు ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత భుజాలు కదిలాయి. శబ్దం లేకుండా నవ్వుతున్నాడు.

“నవ్వండి. ముప్ఫై నాలుగేళ్లుగా చెవి కోసిన మేకలా అరుస్తూనే ఉన్నారు ఆ మాట వాడొద్దని. వినలేదు. నాకు తగిన శాస్తే.”

“మైదాపిండి జిగురే కదా?” కోడల్ని అడిగాడు.

“అవును మామయ్యా.”

“బతికించావు. ఆ ట్యూబు జిగురైతే బ్రహ్మదేవుడు కూడా ఊడదియ్యలేడు. తడి బ్లాటింగు పది నిమిషాలు పెడితే దానంతటదే వదిలేస్తుంది. అక్షరం కూడా చెడదు.”

ఆయన బ్లాటింగు కాగితం కొలిచి కత్తిరించాడు. పళ్లెంలో నీళ్లు పోసి ముంచాడు. తీసి, నీళ్లు పిండి, పళ్లెం అంచుమీద ఆరేశాడు. చేతులు తుడుచుకున్నాడు. పుస్తకం జోలికి మాత్రం పోలేదు.

“ఏముందో అడగరా?” అంది అత్తగారు.

“అడిగితే నువ్వు చెప్పాలి కదా.”

“కాగితం చూశారా?”

“విప్పలేదు. అంచు చూశాను. నేను కుట్టిచ్చిన నోటుబుక్కులోది. ఊదా గీతలు.” ఆయన పళ్లెం కాస్త పక్కకి జరిపాడు. “వంటలు రాసుకుంటానంటే కుట్టిచ్చాను. పిల్లలు పడవలకని అడిగితే కూడా దాంట్లోంచి ఒక్క కాగితం చింపలేదు నువ్వు.”

గురువారంనుంచి ఇవాళ్టివరకు ఆయన అన్నం తిన్నాడు, పేపరు చదివాడు, లైటు తీసెయ్యమన్నాడు. చింపిన కాగితం సంగతి తెలిసీ మామూలుగా ఉన్నాడు. ఎలా ఉండగలిగాడో కోడలికి అర్థం కాలేదు. ఇంతకాలం తను ఆయన మౌనాన్ని మొండితనమనుకుంది. అందులో కొంత భయం కూడా ఉందేమోనని మొదటిసారి తోచింది.

“ఉద్యోగం,” అంది అత్తగారు.

“ఎవరికి?”

“నాకు.”

మామగారు ప్రెస్సు మర మీద చెయ్యి వేశాడు. తిప్పలేదు.

“ఎక్కడ?”

“వంతెన అవతల. ఆవిడ వంటగదిలో. ఆరు నెలలు.”

“వంతెన మళ్లీ మునిగితే?”

“మునిగితే అక్కడే ఉంటాను.”

“మనిషికి ఊపిరి తిప్పుకోనివ్వని పని. నేను చూశాను కదా ఆ ఆరు రోజులూ.”

“ఏం చూశారు?”

ఆయన మర వైపే చూస్తూ, “పాడుతున్నావు,” అన్నాడు.

“నేనా?”

“పాట కాదు, ఏదో కూనిరాగం. పెద్ద గిన్నె తోముతూ. పెళ్లైన కొత్తలో విన్నాను. మళ్లీ అక్కడే.”

అత్తగారు కోడలి వైపు చూసింది, నిజమేనా అన్నట్టు. కోడలు తలూపింది. ఆ రోజుల్లో అందరూ విన్నారు. పాడే మనిషికే తెలియదు.

“మరి నా కళ్లద్దాలు ఎవరు వెతికిపెడతారు?” అన్నాడు మామగారు. సరదాగానే అనబోయాడు, కుదరలేదు.

“నెత్తిమీద వెతుక్కోండి.”

ఆయన చెయ్యి తలమీదికి వెళ్లింది. కళ్లద్దాలు అక్కడే ఉన్నాయి. ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొడుకు నవ్వేశాడు. మామగారు మాత్రం నవ్వలేదు. కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మర తిప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో చుట్టూ కిర్రుమంటోంది. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

పుస్తకం బయటికి తీసి బల్లమీద పెట్టాడు. పదింపావు. బ్లాటింగు పళ్లెం అంచున తడిగా ఉంది.

“పది నిమిషాలు చాలు,” అని మళ్లీ చెప్పి కిటికీ దగ్గరికి వెళ్లి వీధివైపు తిరిగి నిలబడ్డాడు.

అత్తగారు పుస్తకం ముందు కుర్చీలో కూర్చుంది. కోడలు కదలలేదు. తియ్యమంటే తీస్తుంది, వద్దంటే మానేస్తుంది. నిజానికి ఆమె మనసులో ఒక దొంగ సంతోషం దాక్కుని ఉంది. ఆ గురువారం తను పొరపాటుగానే విన్నదా? అప్పుడు మడతల్లో కాగితం వెచ్చగా ఉంది, చాలాసేపు గుప్పెట్లో పట్టుకున్నట్టు. వంటల చిట్టాని ఎవరూ అలా పట్టుకోరు. రెండర్థాల మాటలో తనకు కావలసిన అర్థాన్ని తన చెవి ఏరుకుందేమో. చెప్పినావిడ కూడా అందుకే అలాంటి మాట వాడిందేమో. ఈ సంగతి పైకి అంటే బాగుండదని ఊరుకుంది.

అత్తగారు బ్లాటింగు చేతిలోకి తీసుకుంది. దాన్ని అటూ ఇటూ తిప్పింది. తర్వాత దాంతో తన వేళ్లకంటిన ఎర్రరంగు తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఒక్కో వేలూ, తొందర లేకుండా.

వీధిలో కారు ఆగింది.

“ఆవిడే,” అన్నాడు మామగారు కిటికీలోంచి. “టోపీ ముందు దిగింది.”

“ముప్పావుగంట ముందొచ్చిందే!” అంది కోడలు.

“రావలసిన సమయం కన్నా నలభై అయిదు నిమిషాలు ముందుగా నడుస్తున్నందుకు చింతించుచున్నాము,” అంది ఆడపడుచు. ఎవరూ నవ్వలేదు.

టోపీ గుమ్మానికి తగిలి పక్కకి ఒరిగింది. దాన్ని సర్దుకుంటూ టోపీ ఆవిడ లోపలికొచ్చింది. ఒక చంకలో గుడ్డల మూట, ఇంకో చేతిలో పళ్లబుట్ట.

“త్వరగా వచ్చేశాను, తిట్టుకోకండి. ఎక్కువసేపు ఉండలేను. వంటపనికి ఇద్దర్ని మధ్యాహ్నం రమ్మన్నాను, ఎవరో ఒకర్ని ఇవాళే ఖాయం చేసుకోవాలి. బిస్కెట్లతో ఎన్నాళ్లని! ఏదీ, ఎక్కడ నా పుస్తకం?”

అత్తగారు లేచి ఆవిడకి కుర్చీ ఇచ్చింది. తడి బ్లాటింగు ఉండచుట్టి గుప్పెట్లో పెట్టుకుంది.

టోపీ ఆవిడ పేజీలు తిప్పింది. టిక్కెట్లు విచ్చుకున్నాయి. వెండివాన ఊగింది. వంతెన పట్టీ లాగి, మునగ్గానే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, మళ్లీ తేల్చి, మళ్లీ ముంచింది. ఇరవైరెండు చెంచాలూ లెక్కపెట్టింది.

“ఎండ పడుతున్నట్టుంది వీటిమీద! ఎలా చేశావమ్మా?”

“కుదిరిందండీ,” అంది కోడలు.

ఇంకొక్క పేజీ. అలలు.

అత్తగారు ముందుకు వంగి, మాట్లాడకుండా, పెద్ద అల మీద అరచెయ్యి పెట్టింది. నొక్కి పట్టుకోలేదు. ఊరికే పెట్టింది, నిద్రపోతున్న బిడ్డ వీపు మీద పెట్టినట్టు.

టోపీ ఆవిడ తలెత్తి ఆమెను చూసింది. ఆమె చేతిని చూసింది. “ఏముంది ఇక్కడ?”

కోడలు మామగారి వైపు చూసింది. ఆయన ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాడు, వీపు ఇటు తిప్పి. ఆ వీపు ఏమంటోందో ఎవరూ చదవలేరు.

“పద్నాలుగో పేజీయేనా?” అన్నాడు వెనక్కి తిరగకుండానే.

“అవును మామయ్యా.”

“దాని వెన్ను దగ్గర చూడమనమ్మా ఆవిడని. మిగతా వాటికి రెండు పట్టీలు వేశాను. దానికి నాలుగు.” గొంతు సవరించుకున్నాడు. “ఎన్నిసార్లు తెరిచినా తట్టుకుంటుంది. చోటు వదిలే కుట్టాను.”

అత్తగారి కళ్లు ఆయన వీపు మీద నిలిచిపోయాయి. ముప్ఫై నాలుగేళ్లుగా చూస్తున్న వీపే.

“ఎవరు తెరవాలి మరి? నేనా?” టోపీ ఆవిడ చెయ్యి చాపింది.

“కాదు,” అంది అత్తగారు.

గుప్పెట్లోని బ్లాటింగు ఉండ బల్లమీద వదిలేసింది. అరచెయ్యి మెల్లగా జరిపి, అల అంచుకింద వేలు దూర్చింది.